కోళ్లగూటి నేల, పరుపు

కోళ్లను పెంచువారు వాటి జాతిని గూర్చియు, మేతను గూర్చియు ఎంతయో ఆలోచింతురు. వాటి కాళ్లక్రింది నేలను గూర్చి ఆలోచించువారు అరుదు. కోడి రాత్రి యంతయు గూటిలోనే గడపును. వానదినములలో పగలును అక్కడనే యుండును. అప్పుడే వేసిన రెట్టలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. ఆ నీటిని పీల్చి ఆరబెట్టగల నేలయే మంచి నేల యని మేము విన్నవించుచున్నాము.

నామక్కల్ ప్రాంతపు పెద్ద ఫారములలో గ్రుడ్లకోళ్లను తీగపంజరములలో ఉంచుదురు గనుక వాటికి పరుపుతో పని లేదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మన యిండ్లలోని పెరటికోళ్ల సంగతి వేరు. వాటిని చూచుకొనునది సాధారణముగా తల్లులును, బడిపిల్లలును. ఒక్క వానకాలమున గూడు తడిసి కోడిపిల్లలు చనిపోయినచో, ఇంటి ఖర్చులకు అక్కరకు రావలసిన గ్రుడ్ల డబ్బు పోవును.

ముందుగా నేల. చుట్టుప్రక్కల నేలకంటె ఒక అడుగు ఎత్తుగా గూడు కట్టిన వాననీరు లోనికి రాదు. దిమ్మిసతో గట్టిపరచిన మట్టినేల ఖర్చు లేనిది. కాని ఎలుకలు త్రవ్వును, తేమ పైకి ఊరును. సిమెంటు గచ్చును కడుగుట సులభము, ఎలుకల బాధయు లేదు; అయితే పరుపు లేని గచ్చు చల్లగాను కఠినముగాను ఉండి కోళ్ల పాదములకు పుండ్లు కలిగించును. వెదురుబద్దల నేలపై రెట్ట క్రిందికి జారిపోవును. కాని చిన్నపిల్లల కాళ్లు సందులలో ఇరుకుకొనును.

ఇక పరుపు. దీనినే ఫారములవారు లిట్టరు అందురు. మనకు దొరకువానిలో వరి ఊక చౌకయైనది, గాలి ఆడునది. తేమను మాత్రము మితముగానే పీల్చును. వడ్రంగి చిత్రిక పట్టగా రాలిన చెక్కపేళ్లు మిక్కిలి మంచివి. రంగు గాని మందు గాని పూసిన చెక్కవి పనికిరావు. రంపపు పొట్టు మెత్తనిదై దుమ్ము లేపును; పిల్లలు దానిని మేతయనుకొని తినును. వేరుశనగ పొట్టు మేలైనదే గాని తడిసినచో బూజు పట్టును; ఆ బూజు కోళ్ల ఊపిరితిత్తులకు చేటు. రాగిగడ్డిని, వరిగడ్డిని ఒకటి రెండు అంగుళముల ముక్కలుగా నరికి పరువవలెను. నరకని గడ్డి చాపవలె అట్టకట్టును.

పరుపు మొదట రెండు మూడు అంగుళముల మందముండిన చాలును. కోడిపిల్లలకు తొలి రెండు మూడు దినములు దానిపై గరుకు కాగితము పరచి దినదినము మార్చవలెను. నున్నని కాగితముపై కాళ్లు జారి వంకరపోవును.

పరుపు తడిసినచో రెండు కీడులు కలుగును. మొదటిది, రెట్ట కుళ్లి అమ్మోనియా వాయువు పుట్టి కోళ్ల కన్నులను, శ్వాసనాళమును బాధించును. గూటిలోనికి వంగినప్పుడు మన ముక్కునకు ఘాటు తగిలినదన్నచో, నేలకు దగ్గరగా నుండు పిల్లలకు అది మరింత బాధాకరము. రెండవది, తేమయు వెచ్చదనమును కలిసిన చోట రక్తపారుడు రోగబీజములు బలపడును.

తేమను తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. పిడికెడు పరుపును గట్టిగా పిసికి విప్పవలెను. ముద్దగా నిలిచిన తడి ఎక్కువ; కొంచెము అంటుకొని విడిపోయిన సరిగా ఉన్నది; బొత్తిగా అంటక దుమ్ము లేచిన మిక్కిలి పొడి. పరీక్షించిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

తడి సాధారణముగా నీళ్ల పాత్ర చుట్టునే మొదలగును. పాత్రను ఇటుకలపై ఎత్తుగా ఉంచి, తడిసిన భాగమును తీసివేసి పొడిది వేయవలెను. తడి రెట్టపై సున్నము చల్లిన అమ్మోనియా మరింత వెలువడును. గూటిని శుభ్రపరచినపుడు ఖాళీ నేలపై చల్లుటయే మేలు. వారమునకు రెండు మూడు మార్లు పరుపును తిరుగవేయవలెను.

పాత పరుపు మంచి ఎరువు. పచ్చిగా వేసిన మొక్కలు మాడును గనుక కుప్పవేసి, బాగుగా మాగిన పిదప పొలమునకు తోలవలెను.

మన విద్యార్థులు ఈ వారముననే తమ యింటి గూటిలో పిడికిలి పరీక్ష చేసి, ఫలితమును పెద్దలకు తెలుపుదురుగాక యని కోరుచున్నాము.