మీకు తెలుసా? 36 సెంటీమీటర్లు కోస్తే పుట్టిన బగ్గీ

ఇసుక తిన్నెల మీద ఎగిరి దూకే డ్యూన్ బగ్గీని సినిమాలోనో బొమ్మల దుకాణంలోనో చూడనివాళ్లు తక్కువ. తలుపుల్లేని పొట్టి బాడీ, ఉబ్బెత్తు హెడ్‌లైట్లు, వెనక లావుపాటి టైర్లు. ఈ రూపం ఏ కార్ల కంపెనీ డిజైన్ గదిలోనూ పుట్టలేదు. పడవలు కట్టే బ్రూస్ మేయర్స్ 1964లో దక్షిణ కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో, సొంత గ్యారేజీలో మొదటిదాన్ని తయారుచేశారు. తోక లేని మాంక్స్ పిల్లి పేరు కలిపి దాన్ని ‘మేయర్స్ మాంక్స్’ అన్నారు. ఆ మొదటి ఎర్ర బండి ‘ఓల్డ్ రెడ్’గా ప్రసిద్ధి. 2014లో అమెరికా చారిత్రక వాహనాల జాతీయ రిజిస్టర్‌లోకి కూడా ఎక్కింది.

*

కొత్త బండికి తన భాగాలిచ్చే పాత కారును ‘డోనర్ కారు’ అంటారు. మాంక్స్‌కు డోనర్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. అది చౌకగా, ఎక్కడపడితే అక్కడ దొరికేదన్నది నిజమే కానీ, అసలు సంగతి దాని నిర్మాణంలో ఉంది. చాలా కార్లలో బాడీయే బండికి ఎముకల గూడు, దాన్ని తీసేస్తే ఏమీ మిగలదు. బీటిల్ అలా కాదు. నడుమ వెన్నెముకలా ఒక గొట్టం, దానికి రెండు పక్కలా రేకు నేల, ఇదంతా కలిపి ఒక పాన్. బాడీ దాని అంచుల వెంబడి బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ బోల్టులు విప్పితే గిన్నె మీద మూత తీసినట్టు బాడీ లేచి వచ్చేస్తుంది. చక్రాలు, ఇంజిన్, గేర్‌బాక్సు, పెడల్స్, గేర్ లీవరు అన్నీ పాన్ మీదే నిలిచి ఉంటాయి. పైగా గాలితో చల్లబడే ఇంజిన్ కాబట్టి రేడియేటరు లేదు, నీళ్ల పైపులు లేవు. ఎడారిలో నడిచే బండికి ఇంతకన్నా ఏం కావాలి!

*

మొదట చేసిన డజను బండ్లకు మేయర్స్ ఈ పాన్ వాడనేలేదు. బాడీనే ఛాసిస్‌గా పనిచేసేలా మొత్తం ఫైబర్‌గ్లాస్‌తో పోశారు. బండ్లు అద్భుతంగా వచ్చాయి. కానీ ఇంట్లో బిగించుకునే విడిభాగాల కిట్టు ధర దాదాపు వెయ్యి డాలర్లు, దానికి తోడు బిగింపు పెద్ద పని. అప్పుడు ఆయన దారి మార్చారు. బీటిల్ పాన్‌నే ఉంచేసి, దాని పొడవు తగ్గించి, పైన తేలికైన బాడీ కూర్చోబెట్టారు. కిట్టు ధర 500 డాలర్ల లోపుకు దిగింది. ఆ తర్వాతే బగ్గీ జనంలోకి వెళ్లింది.

*

ఆ తగ్గించడం ఎంతో తెలుసా? 14¼ అంగుళాలు, అంటే సుమారు 36 సెంటీమీటర్లు. బీటిల్ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 240 సెంటీమీటర్లు. కోత తర్వాత 204 దగ్గరికి వస్తుంది. పాన్ నడుమ నుంచి అంత ముక్క అడ్డంగా కోసి తీసేసి, వెనక సగాన్ని ముందుకు జరిపి వెల్డింగ్ చేస్తారు.

వినడానికి సులువే. కానీ ఆ నడిమి గొట్టం ఖాళీగా ఉండదు. గేర్ రాడ్, క్లచ్ కేబులు, యాక్సిలరేటరు కేబులు, పెట్రోలు పైపు, హ్యాండ్ బ్రేకు తీగలు అన్నీ దాని కడుపులోంచే వెళ్తాయి. కాబట్టి గేర్ రాడ్‌ను కూడా అంతే కొలతకు కోసి తిరిగి అతకాలి. కేబుళ్లు దూరే సన్నటి గొట్టాల అంచులు ఒకదానికొకటి సరిగ్గా ఎదురవ్వాలి, లేదంటే కేబులు రాసుకుని రాసుకుని తెగిపోతుంది. పెట్రోలు నిలిచిన గొట్టం దగ్గర నిప్పు రాజేస్తున్నామన్న ఎరుక ముందు నుంచీ ఉండాలి. పైపును ముందే పూర్తిగా ఖాళీ చేయకుండా కటింగ్ మిషన్ ముట్టుకోకూడదు.

ఇంకో కీలకం, కొలతలు. అతికే ముందు ఎడమ వైపు పొడవు, కుడి వైపు పొడవు, ఆపైన ఎదురెదురు మూలల మధ్య రెండు దూరాలూ టేపుతో సరిచూడాలి. ఒక పక్క కొన్ని మిల్లీమీటర్లు తేడా వచ్చినా ముందు, వెనక చక్రాలు సమాంతరంగా నిలవవు. బండి ఒక పక్కకు లాగుతుంది, టైర్లు ఏటవాలుగా అరిగిపోతాయి. ముందు చుక్కలు చుక్కలుగా పట్టించి, మళ్లీ కొలిచి, అప్పుడే పూర్తి వెల్డింగ్ వేయాలి. ఈ పనిలో తొందరపడి అతికిన బండిని తర్వాత బాగుచేయడం ఏ మెకానిక్కుకైనా కష్టమే.

*

బాడీ పని పూర్తిగా పడవల షెడ్డు విద్యే. నునుపైన అచ్చుకు లోపలంతా మైనం పూస్తారు. దాని మీద మొదట రంగు కలిపిన జెల్‌కోట్ పొర, ఆపైన గాజు పీచు మ్యాట్, దాని మీద రెసిన్. రోలరుతో నొక్కి నొక్కి గాలి బుడగలు బయటికి తోలేస్తారు. బుడగ ఎక్కడ మిగిలితే రేపు పగులు అక్కడే మొదలవుతుంది. గట్టిపడ్డాక అచ్చులోంచి లాగితే బాడీ రంగుతో సహా బయటికి వస్తుంది. మాంక్స్ మడ్‌గార్డులు, బోనెట్ అంత ఒంపులు తిరిగి ఉండటం అందం కోసమే కాదు. పల్చటి ఫైబర్‌గ్లాస్ చదునుగా ఉంటే అల్లాడుతుంది, ఒంపు తిరిగితే బిగుసుకుంటుంది. పడవ అడుగు చేసిన చేతులకు ఆ సంగతి కొత్త కాదు.

*

ఒక చిన్న లెక్క. ఆ రోజుల బీటిల్ బరువు 750 నుంచి 800 కిలోలు. మాంక్స్ 550 కిలోలకు అటూఇటూ. ఇంజిన్ 50 హార్స్‌పవర్ అనుకుందాం. 800 కిలోల బీటిల్‌లో ఒక్కో హార్స్‌పవర్ 16 కిలోలు మోయాలి, బగ్గీలో 11 చాలు. ఇంజిన్‌లో ఒక్క స్క్రూ కూడా తిప్పకుండానే వచ్చిన లాభమిది. బరువు తగ్గితే బ్రేకుకు, టైరుకు, ఇసుకలో దిగబడని గుణానికి కూడా మేలే. ఇంజిన్ వెనక ఇరుసు మీద బరువు మోపుతుంది కాబట్టి, తోసే చక్రాలకు పట్టు దొరుకుతుంది.

*

ఇక ఆ బండిని చేసిన మనిషి సంగతి. 1945 మే 11న ఒకినావా దగ్గర జపాన్ ఆత్మాహుతి విమానాలు ఢీకొన్న అమెరికా విమానవాహక నౌక బంకర్ హిల్ మీద మేయర్స్ కూడా ఉన్నారు. ప్రాణాలతో బయటపడి, 94 ఏళ్లు బతికి, 2021లో కన్నుమూశారు.

*

మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం మీదుగా, రోడ్డు సరిగా లేని రాళ్ల దారుల్లో, మోటార్ సైకిళ్ల మీద నెలకొల్పిన రికార్డు దాదాపు 40 గంటలు. 1967లో మేయర్స్, టెడ్ మాంగెల్స్ కలిసి ఓల్డ్ రెడ్‌లో అదే ప్రయాణాన్ని 35 గంటలలోపు ముగించారు. ఆ ఊపులోనే అదే ఏడాది మెక్సికన్ 1000 అనే పందెం మొదలైంది. దాన్ని గెలిచింది కూడా మాంక్సే. నడిపింది విక్ విల్సన్, టెడ్ మాంగెల్స్. 27 గంటల 38 నిమిషాలు.

మరుసటి ఏడాది ‘ది థామస్ క్రౌన్ అఫైర్’ సినిమాలో హీరో స్టీవ్ మెక్‌క్వీన్ సముద్రపు ఒడ్డున తోలింది మాంక్స్‌నే.

*

ఇంత పేరు వచ్చాక మేయర్స్ కోటీశ్వరుడు అయ్యుంటారనుకుంటాం. కాలేదు. బాడీ ఫైబర్‌గ్లాస్‌ది, డోనర్ ప్రతి వీధిలోనూ ఉంది. ఒక మాంక్స్ కొని దాని మీద అచ్చు తీసుకుంటే ఎవరైనా తయారీదారు కావచ్చు. అలా పదుల కొద్దీ కంపెనీలు పుట్టుకొచ్చాయి. మేయర్స్ పేటెంట్ పట్టుకుని కోర్టుకు వెళ్లారు, ఓడిపోయారు. సుమారు 6 వేల కిట్లు చేశాక 1971లో ఆయన కంపెనీ మూతపడింది. ప్రపంచమంతా నకళ్లు లక్షల్లో తిరుగుతుంటే, మొదట ఊహించినవాడికి దక్కింది అంతే. నాకు ఇప్పటికీ ఇది అన్యాయంగానే తోస్తుంది.

*

బ్రిటన్‌లో ఇలా సొంతంగా కారు కట్టుకునే సరదాకు ఊతమిచ్చింది పన్ను. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను విడిభాగాల కిట్టుగా కొని ఇంట్లో బిగించుకుంటే కొత్త కారు మీద వేసే కొనుగోలు పన్ను తప్పేది. 1973లో వ్యాట్ రావడంతో ఆ వెసులుబాటు పోయింది. అయినా సరదా చావలేదు. 1996లో రాన్ ఛాంపియన్ 250 పౌండ్లకే సొంతంగా స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చంటూ ఒక పుస్తకం రాశారు. డోనర్ పాత ఫోర్డ్ ఎస్కార్ట్, చట్రం చదరపు ఇనుప గొట్టాలది. ఆ పుస్తకాన్ని ముందేసుకుని ఎందరో గ్యారేజీల్లో పని మొదలుపెట్టారు. అక్కడ ఇలా ఒక్కొక్కటిగా కట్టిన బండ్లను అధికారులు విడిగా పరీక్షించి రోడ్డెక్కనిస్తారు.

మన దగ్గర? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. కాబట్టి పాత కారు కోసి బగ్గీ కట్టాలన్న కోరిక ఉంటే, అది సొంత స్థలానికో పోటీ మైదానానికో పరిమితమని ముందే తెలుసుకుని దిగాలి.

*

మన ఇంజినీరింగ్ విద్యార్థులకు ఆ మైదానం ఉంది. వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ ఇండియా 2007 నుంచి బాహా పోటీలు నడుపుతోంది. మొదటిది మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో జరిగింది. పేరు ఆ మెక్సికో ఎడారిదే. ఇక్కడ డోనర్ కారు ఉండదు, గొట్టాల చట్రం కాలేజీ వర్క్‌షాపులోనే పుడుతుంది. పెట్రోలు విభాగంలో అందరికీ ఒకే రకం చిన్న ఇంజిన్, దాని జోలికి పోకూడదు. కనుక కిలో తగ్గించగలిగిన జట్టుదే పైచేయి.

అయితే ఎక్కడ తగ్గించినా, నడిపేవారిని కాపాడే గొట్టాల పంజరం ‘రోల్ కేజ్’ దగ్గర మాత్రం రాజీ కుదరదు. మూలమైన అంతర్జాతీయ బాహా ఎస్‌ఏఈ నిబంధనల్లో వెల్డింగ్‌కే విడిగా పరీక్ష ఉంది. చట్రం అతికినవాళ్లు అదే గొట్టంతో రెండు నమూనా ముక్కలు చేసి తేవాలి. ఒకదాన్ని బలవంతంగా విరుస్తారు, విరిగితే గొట్టం విరగాలి తప్ప అతుకు ఊడకూడదు. రెండోదాన్ని నిలువుగా కోసి, వెల్డింగ్ లోపలి దాకా సమంగా దిగిందో లేదో కళ్లారా చూస్తారు.