చేపకు రోగం రాకుండా ఆపేది మందు డబ్బా కాదు, మేత బస్తా

నిడమనూరు, హాలియా, త్రిపురారం వైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు పారుతాయి. పక్కనే మిర్యాలగూడలో రైస్ మిల్లులు, అక్కడ తవుడుకు కొదవ లేదు. నీళ్లూ తవుడూ రెండూ దగ్గర్లోనే దొరుకుతుంటే ఎకరంలో చేపల చెరువు తవ్వుదామా అనే ఆలోచన రావడం సహజం. కాగితం మీద లెక్క బాగానే ఉంటుంది. దాన్ని తలకిందులు చేసేది రోగం. నెలల తరబడి మేపిన చేపలు అమ్మకానికి ముందు చచ్చి తేలితే పిల్లల ఖర్చు, మేత ఖర్చు, కౌలు అన్నీ నీళ్లలోనే పోతాయి.

మన ఇళ్లకు ఇందులో ఇంకో మాట కూడా ఉంది. చేపకు జబహ్ అవసరం లేదు, అది అందరికీ తెలిసిందే. కానీ హనఫీ మస్లక్ ప్రకారం తనంతట తాను చచ్చి నీళ్ల మీద తేలిన చేప తినకూడదు. అంటే రోగంతో పోయిన చేప అమ్మకానికీ పనికిరాదు, ఇంట్లో వండుకోవడానికీ పనికిరాదు.

అందుకే "రోగం వచ్చింది, ఏ మందు వేయాలి?" అని అడిగే ముందు "ఇన్నాళ్లూ ఏం తినిపించాం?" అని అడగాలి.

చేప ఒంట్లో కాపలా ఎలా ఉంటుంది?

చేపను పట్టుకుంటే చేతికి జిగురు తగులుతుంది కదా, అదే మొదటి గోడ. ఆ జిగురులో సూక్ష్మజీవులను చంపే లైసోజైమ్ లాంటి పదార్థాలు ఉంటాయి. గోడ దాటి వచ్చిన క్రిములను తెల్ల రక్తకణాలు మింగేస్తాయి. మనకు రక్తకణాలు ఎముకల మూలుగలో తయారవుతాయి. చేపకు ఆ మూలుగ ఉండదు. మూత్రపిండం ముందు భాగమే ఆ పని చేస్తుంది. పేగు గోడలో కూడా కాపలా కణాలు ఉంటాయి. మేత నేరుగా తగిలేది అక్కడే.

జిగురు, తెల్లకణాలు, యాంటీబాడీలు అన్నీ తయారు కావాలంటే ప్రోటీన్, కొవ్వు, విటమిన్లు, ఖనిజాలు కావాలి. మేతలో అవి తక్కువైతే చేప బతుకుతుంది, కొంచెం పెరుగుతుంది కూడా. కానీ కాపలా బలహీనమవుతుంది. నీళ్లలో ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. గట్టి చేపను అది ఏమీ చేయదు, నీరసపడ్డ చేప మీద పడుతుంది. ఎర్ర పుండ్లు, కడుపు ఉబ్బడం, పొలుసులు లేవడం అప్పుడే మొదలవుతాయి.

తవుడు ఒక్కటే చాలదా?

ఊరి చెరువుల్లో వదిలే చేప పిల్లలకు సాధారణంగా మేత వేయరు. 2016లో మొదలైన ఉచిత చేప పిల్లల పథకం కూడా ఇలాంటి చెరువుల మీదే నడిచింది. అక్కడ బొచ్చె, రోహు, మోసు నీళ్లలో పుట్టే నాచు, చిన్న పురుగులు తిని పెరుగుతాయి. వాటిలోనే విటమిన్లు దొరుకుతాయి. ఎకరంలో వేల పిల్లలు వదిలితే ఆ సహజ ఆహారం సరిపోదు. లోటు మన మేతే పూడ్చాలి.

నూనె తీసిన తవుడులో ప్రోటీన్ 15 శాతం దగ్గర ఉంటుంది. రోహు లాంటి చేపకు మేతలో 25 నుంచి 30 శాతం ప్రోటీన్ కావాలి, పిల్లలకు ఇంకా ఎక్కువ. పైగా తవుడులోని ఫైటేట్ అనే పదార్థం జింకు, భాస్వరం లాంటి ఖనిజాలను ఒంటికి అందకుండా పట్టేస్తుంది. అందుకే పాత రైతులు తవుడులో వేరుశనగ చెక్క కలుపుతారు. చెరి సగం కలపడం మన దేశంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి.

విటమిన్ సి సంగతి వేరు. మనిషిలాగే చాలా రకాల చేపలు దీన్ని ఒంట్లో తయారు చేసుకోలేవు, తిండిలోంచే రావాలి. తక్కువైతే గాయాలు మానవు, వెన్ను వంకర పోతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోతుంది. ఈ విటమిన్ వేడికీ తేమకూ త్వరగా పాడైపోతుంది. ఎండలో, రేకుల షెడ్డులో నెలల తరబడి పడి ఉన్న బస్తా మీద ఏం రాసి ఉన్నా లోపల అంత ఉండదు.

బూజు పట్టిన చెక్క: చవకలో నష్టం

తేమ తగిలిన వేరుశనగ చెక్క, పత్తి చెక్కలో బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో వేలాది టర్కీ కోళ్లు చచ్చిపోతే కారణం వేరుశనగ పిండి అని తేలింది. అమెరికాలో ట్రౌట్ చేపలకు కాలేయ క్యాన్సర్ రావడానికి కూడా ఇదే విషం కారణం. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ (సీఫా) శాస్త్రవేత్తలు రోహు చేపల మీద పరిశీలించి, ఈ విషం రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుందని చూపించారు. ఆ చేపల్లో ఈస్ట్ గోడల్లో దొరికే బీటా గ్లూకాన్ ఆ శక్తిని తిరిగి పెంచింది.

బీటా గ్లూకాన్ పోషకం కాదు. తెల్లకణాలు దాన్ని శత్రువు జాడగా గుర్తించి అప్రమత్తమవుతాయి. అయితే రోజూ వేస్తూ పోతే ప్రభావం తగ్గవచ్చు. వెల్లుల్లి, పసుపు కలిపిన మేత కూడా రోహుకు మేలు చేసినట్టు మన దేశంలో జరిగిన ప్రయోగాల్లో తేలింది. అలాగని గుప్పెళ్లతో వేయకూడదు, మోతాదు మత్స్యశాఖ అధికారిని అడిగి తెలుసుకోవాలి. బూజు చెక్క వేస్తూ పైన పసుపు చల్లితే మాత్రం లాభం లేదు.

ఎక్కువ మేత కూడా రోగమే

ఒక చిన్న లెక్క చూద్దాం. ఎకరం చెరువులో అరకిలో చేపలు 2,000 ఉన్నాయంటే మొత్తం బరువు 1,000 కిలోలు. రోజుకు 2 శాతం చొప్పున 20 కిలోల మేత చాలు. మీరు 25 కిలోలు వేస్తే మిగిలిన 5 కిలోలు అడుగున కుళ్లుతాయి. నెలకు 150 కిలోల డబ్బు పోతుంది, పైగా అమ్మోనియా పెరిగి ఆక్సిజన్ తగ్గుతుంది. చేప ఒత్తిడికి గురవుతుంది. ఒత్తిడిలో విడుదలయ్యే కార్టిసాల్ రోగనిరోధక శక్తిని అణచేస్తుంది. మంచి మేతే, కానీ ఎక్కువైతే హాని.

చలికాలంలో ఇంకా జాగ్రత్త. చేప ఒళ్లు నీటితో పాటే చల్లబడుతుంది, ఆకలీ కాపలా రెండూ మందగిస్తాయి. ఆ రోజుల్లో మేత తగ్గించాలి.

మందు సంగతి

రోగం వచ్చిన చేప ముందు మేత మానేస్తుంది. కాబట్టి మేతలో కలిపిన యాంటీబయాటిక్ జబ్బు చేపకు అందదు, బాగున్న చేపలే తింటాయి. ఆ అవశేషాలు మన పళ్లెంలోకి వస్తాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు చేపల పెంపకంలో నిషేధం.

కొన్ని చోట్ల చికెన్ షాపుల వ్యర్థాలు చెరువుల్లో వేస్తున్నారని, అధికారులు దాడులు చేశారని వార్తలు చూస్తూనే ఉన్నాం. మురికి తిని పెరిగిన జంతువును ఫిఖ్హ్‌లో జల్లాలా అంటారు, దాని మీద ప్రత్యేక నియమాలున్నాయి. హలాల్‌తో పాటు తయ్యిబ్ కూడా చూడాలన్న మాటకు ఇక్కడ అర్థం కనిపిస్తుంది.

చెరువు ఉన్నవాళ్లు చేయాల్సినవి

బస్తా మీద తయారీ తేదీ చూసి కొనండి. చెక్క బల్లల మీద, గోడకు తగలకుండా పేర్చండి. బూజు వాసన వస్తే ఎంత చవకైనా వద్దు. నెలకోసారి వలేసి కొన్ని చేపలు తూచి మేత లెక్క సరిచేయండి. మేత మిగిలితే మరుసటి రోజు తగ్గించండి.

చేపలు కొనేవాళ్లు కూడా దుకాణంలో ఒక్క ప్రశ్న అడగండి: "భాయ్, ఇది ఏ చెరువుది, ఏం మేపారు?" పది మంది అడగడం మొదలుపెడితే అమ్మేవాడూ పెంచేవాడిని అడుగుతాడు.