మతిమరుపును లెక్కపెట్టేదెలా?

కళ్ళజోడు ముక్కుమీదే ఉంచుకుని ఇల్లంతా వెతికే తాతగార్లను మీరు చూసే ఉంటారు. అటువంటి మరపు మామూలే. దానికి భయపడనక్కరలేదు. కాని కొందరు పెద్దవాళ్ళలో మరపు అంతటితో ఆగదు. ఏళ్ళ తరబడి నడిచిన వీధిలోనే దారి తప్పుతారు. భోంచేసి చెయ్యి కడుక్కున్న కాసేపటికే "నాకు అన్నం పెట్టరా?" అంటారు. మెదడులోని కణాలు దెబ్బతిని జ్ఞాపకం, ఆలోచన, మాట క్రమంగా సడలిపోయి, తన పనులు తాను చేసుకోలేని స్థితి వస్తే దాన్ని డిమెన్షియా అంటారు. దీనికి ముఖ్యమైన కారణం ఆల్జైమర్ వ్యాధి. మెదడుకు వెళ్ళే రక్తనాళాలు దెబ్బతినడం మరొక కారణం.

ఈ జబ్బు ఎంతమందికి ఉంది? అది పెరుగుతోందా, తగ్గుతోందా? చూడటానికి చిన్న ప్రశ్నలే. కాని వీటికి జవాబు కనుక్కోవడం ఎంత కష్టమో చూడండి.

ఆస్పత్రి లెక్క చాలదు

ఆస్పత్రికి వచ్చిన రోగులను లెక్కపెడితే సరిపోదా అని మీరు అడగవచ్చు. 2013లో వెలువడిన ఒక పరిశోధన కోసం హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించారు. ఒక్క భాషే వచ్చినవారికన్నా రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు దాదాపు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైనట్లు కనిపించింది. చాలా విలువైన ఆధారమిది. కాని వీరంతా ఆస్పత్రిదాకా వచ్చినవారు. "వయసు మీద పడింది, చాదస్తం" అని ఇంట్లోనే ఉంచేసిన అవ్వల మాటేమిటి? పట్నానికి తీసుకువెళ్ళే దిక్కులేని తాతల మాటేమిటి? వారు ఆస్పత్రి పుస్తకంలోకి ఎక్కరు. అందుకే శాస్త్రజ్ఞులు జనం మధ్యకే వెళ్ళాలి. దీన్ని జనాభా ఆధారిత పరిశోధన అంటారు.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు కదా! కాని గిన్నె పైపైన ఉన్న మెతుకునే పడితే అడుగున మాడిన సంగతి తెలియదు. గరిటెతో కలిపి పట్టాలి. అలాగే ఒక ప్రాంతంలోని పెద్దవారందరి జాబితా తీసుకుని, చీట్లు వేసినట్లుగా కొందరిని ఎంచుకుని, వారి ఇళ్ళకు వెళతారు. అప్పుడు ఉన్నవారు, లేనివారు, చదువుకున్నవారు, చదువురానివారు అందరూ లెక్కలోకి వస్తారు.

అందరికీ ఒకే మానిక

ఇంటికి వెళ్ళాక ఏమడగాలి? 1975లో అమెరికాలో 30 మార్కుల చిన్న పరీక్ష ఒకటి తయారైంది. అందులో ఒక వాక్యం రాయమంటారు. "కళ్ళు మూయండి" అని అచ్చువేసిన కాగితం చూపి, చదివి అలా చేయమంటారు. దీన్ని బడి ముఖం చూడని రైతుకు పెడితే ఏమవుతుంది? బుద్ధి చురుగ్గా ఉన్నా మార్కులు తగ్గుతాయి. అక్షరాలు రాకపోవడాన్నే జబ్బుగా లెక్కవేసినట్లవుతుంది!

హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన పరిశోధకులు ఈ పరీక్షను హిందీలో మళ్ళీ మలిచి 1995లో ప్రచురించారు. రాయడానికి బదులు "మీ ఇంటి గురించి ఒక్క మాట చెప్పండి" అన్నారు. కాగితం చదవడానికి బదులు "నా ముఖం చూసి నేను చేసినట్లు చేయండి" అని తాము కళ్ళు మూసి చూపారు. కొలవదలచుకున్నది మారలేదు, అడిగే తీరు మాత్రమే మారింది.

మంచి పరీక్ష ఉన్నంత మాత్రాన సరిపోదు. ఒక ఊరి మానిక పెద్దది, మరో ఊరి మానిక చిన్నది అయితే రెండు ఊళ్ళ ధాన్యాన్ని పోల్చగలమా? అలాగే ఒక పరిశోధకుడు ప్రశ్నను రెండుసార్లు చదివి, మరొకరు జవాబు అందించి, ఇంకొకరు తొందరపెడితే ఆ మార్కులను పోల్చలేము. అందుకే ఇంటింటికీ వెళ్ళేవారికి ముందుగా శిక్షణ ఇస్తారు. ప్రశ్నను ఏ మాటలతో అడగాలి, ఎంతసేపు ఆగాలి, పక్కనున్న మనవరాలు జవాబు చెప్పకుండా ఎలా చూడాలి అన్నవన్నీ నేర్పుతారు.

ఊహించని ఫలితం

ఇంత జాగ్రత్తవల్ల ఏమి లాభం? ఇంగ్లండులో 1989లో మొదలైన ఒక పెద్ద సర్వేలో కేంబ్రిడ్జిషైర్, న్యూకాజిల్, నాటింగ్‌హామ్ ప్రాంతాలలో 65 ఏళ్ళు దాటినవారిని పరీక్షించారు. దాదాపు 20 ఏళ్ళ తరువాత, 2008 నుంచి 2011 వరకు, అవే ప్రాంతాలలో అదే పద్ధతిలో మళ్ళీ కొలిచారు. పాత లెక్క ప్రకారం 2011 నాటికి బ్రిటన్‌లో 8 లక్షల 84 వేలమందికి జబ్బు ఉండాలి. కాని తేలింది 6 లక్షల 70 వేలు! 8.3 శాతం ఉండవలసింది 6.5 శాతమే ఉంది. ఎక్కువ చదువు, గుండె, రక్తనాళాల ఆరోగ్యం మెరుగుపడటం దీనికి కారణాలు కావచ్చునని పరిశోధకులు భావించారు. ముసలితనంలో ఇది తప్పదు అనుకున్న జబ్బును కొంతవరకు తగ్గించవచ్చునని దీనివల్ల ఆశ కలిగింది. రెండుసార్లూ ఒకే మానికతో కొలవకపోతే ఈ సంగతి తెలిసేదే కాదు.

ఒకరు కొలిస్తే పదిమందికి

ఇలాంటి సర్వేకు ఏళ్ళు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. సేకరించిన వివరాలు ఒక్కరి బీరువాలో మూలుగుతుంటే ఎంత నష్టం! అందుకే వాటిని పంచుకుంటారు. బ్రిటన్‌లో 2014లో మొదలైన 'డిమెన్షియాస్ ప్లాట్‌ఫామ్ యూకే' అనేక సర్వేల వివరాలను ఒకచోట అందుబాటులోకి తెచ్చింది. యువ పరిశోధకులను జట్లుగా కూర్చోబెట్టి, ఆ అంకెలనుంచి కొత్త ప్రశ్నలకు జవాబులు రాబట్టడం నేర్పుతుంది.

మరి ఆ అవ్వ పేరూ ఊరూ అందరికీ తెలిసిపోవా? పోవు. పేరు తీసేసి ఒక సంఖ్య ఇస్తారు. అనుమతి పొందినవారే, కట్టుదిట్టమైన కంప్యూటర్ వ్యవస్థలో వాటిని చూడగలరు. నమ్మి చెప్పినవారి గుట్టు కాపాడటం పరిశోధనలో ఒక భాగమే.

మన లెక్క

1998లో '10/66' అనే పేరుతో ఒక పరిశోధక బృందం ఏర్పడింది. ఈ వింత పేరుకు అర్థం తెలుసా? డిమెన్షియా ఉన్నవారిలో 66 శాతం అభివృద్ధి చెందుతున్న దేశాలలో ఉంటే, జనాభా ఆధారిత పరిశోధనలో 10 శాతమైనా వారి గురించి జరగడం లేదని! ఈ బృందం చెన్నైలోను, వేలూరు పల్లెల్లోను కూడా సర్వేలు చేసింది. తరువాత 'లాసీ-డాడ్' అనే దేశవ్యాప్త సర్వే జరిగింది. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షలమంది, ఈ జబ్బుతో ఉన్నారని 2023లో వెలువడిన దాని ఫలితాలు చెప్పాయి. పట్నాలలోకన్నా పల్లెల్లోనే ఎక్కువగా కనిపించింది. లెక్కలో లేనివారికి వైద్యుడూ ఉండడు, మందూ ఉండదు. లెక్క తేలాకే ఏర్పాట్లు మొదలవుతాయి.

మీరే చేసి చూడండి

ఇటువంటి సర్వేలలో పది మాటలు వినిపించి, గుర్తున్నవి చెప్పమంటారు. మీరూ ప్రయత్నించండి. చీట్లు వేసి తరగతిని రెండు జట్లుగా చేయండి. కుండ, మేక, గొడుగు, పడవ, ఉప్పు, దారం, కిటికీ, నక్క, మల్లె, తాళం - ఈ మాటలను మొదటి జట్టుకు రెండు సెకన్లకు ఒకటి చొప్పున చదవండి. రెండో జట్టుకు గబగబా చదివేయండి. రెండు జట్ల సగటు మార్కులు లెక్కకట్టి చూడండి. తేడా వస్తే, అది జ్ఞాపకశక్తిలోని తేడాయా, చదివిన తీరులోని తేడాయా? ఆలోచించండి!