బరువు తగ్గింది, తరువాత?

స్థూలకాయానికి శస్త్రచికిత్స 1950లలోనే అమెరికాలో మొదలైంది. చిన్నప్రేగులో చాలా భాగానికి ఆహారం చేరకుండా దారి మళ్లించారు. బరువు బాగానే తగ్గింది. కాని కొన్నాళ్లకు కొందరి కాలేయం చెడింది! ఆ పద్ధతిని మానుకోక తప్పలేదు.

నేడు ఎక్కువగా చేసేవి రెండు. ఒకదానిలో జీర్ణాశయాన్ని ముప్పాతిక వంతుకు పైగా కోసివేసి, అరటికాయలాంటి సన్నని గొట్టం మిగులుస్తారు. రెండవది 'బైపాస్'. జీర్ణాశయం పైకొసను చిన్న సంచిగా విడదీసి, సరాసరి చిన్నప్రేగుకు కలుపుతారు.

ఏది మేలు? ఫిన్లాండులో 240 మందిని రెండు జట్లు చేసి పదేళ్లు పరిశీలించారు. 2022లో ఫలితాలు వెలువడ్డాయి. రెండు జట్లూ తగ్గాయి; బైపాస్ జట్టు కాస్త ఎక్కువ. అయితే అన్నవాహికలోకి గొట్టం దించి చూస్తే, మొదటి జట్టులో నూటికి 31 మందికి అక్కడ వాపు ఉంది. బైపాస్ జట్టులో నూటికి ఏడుగురికే! ఎందుకంటారా? జీర్ణాశయం సన్నబడితే లోపల ఒత్తిడి పెరిగి, ఆమ్లం పైకి ఎగదన్నుతుంది.