టిక్‌టిక్‌లో ఎన్ని అర్థాలో!

పొద్దున్నే తాళం తిప్పగానే బానెట్ కింద ‘టిక్‌టిక్’మని చప్పుడు... కారున్నవాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. ‘ఇంజిన్ పోయింది, దించాల్సిందే’ అని ఒకరంటారు. ‘పాత ఇంజినొకటుంది, మార్చేద్దాం’ అని ఇంకొకరు. ట్యాక్సీ నడిపితేనే ఇల్లు గడిచేవాళ్లకి అది ఒకటి రెండు కిస్తీలు ఎగిరిపోయే మాట. నిజానికి ఆ చప్పుడుకి కారణం చిన్న గాస్కెట్ కావచ్చు, క్రాంక్‌షాఫ్టూ కావచ్చు. ఏదో తేలాకే స్పానర్ పట్టాలి.

ముందు ఆయిల్

బండిని చదునైన చోట ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ కింది గీతకన్నా తగ్గిందా... టాపెట్లకు సరిగా అందక చప్పుడు చేస్తాయి. సరైన గ్రేడు ఆయిల్ పోశాక చప్పుడు ఆగిపోతే బతికిపోయినట్టే! ఎర్రటి ఆయిల్ లైటు వెలుగుతుంటే మాత్రం బండిని అంగుళం కూడా కదపకూడదు.

చెవి చెప్పే లెక్క

క్రాంక్‌షాఫ్ట్ రెండుసార్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక్కసారే తిరుగుతుంది. ఇంజిన్ 800 ఆర్‌పీఎం దగ్గర ఆడుతుంటే ఒక్కో టాపెట్ నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకి ఆరేడుసార్లు కొడుతుంది. పైనుంచి సన్నగా వినిపించే ఈ చప్పుడుకి క్లియరెన్సు సరిచేస్తే చాలావరకు సరిపోతుంది. ఇంజిన్ దించక్కర్లేదు.

చల్లగా ఉన్నప్పుడు మోగి, వేడెక్కాక మాయమైతే సైలెన్సర్ వైపు మానిఫోల్డ్ గాస్కెట్‌ని అనుమానించాలి. వేడికి లోహం సాగి ఆ సందు మూసుకుంటుంది. పిస్టన్ కాస్త వదులైనా ఇలాగే మోగుతుంది.

భయపడాల్సింది కిందినుంచి బరువుగా వచ్చే ‘ఠక్‌ఠక్’కి. వేడెక్కి ఆయిల్ పలచబడేకొద్దీ, ఎత్తు ఎక్కేకొద్దీ అది పెరుగుతుంటే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగినట్టే. అలాగే నడిపితే రాడ్ విరిగి బ్లాక్‌ని చీల్చుకు రావచ్చు.

పెట్రోలు బండిలో మెకానిక్ ఒక్కో సిలిండర్‌కి కరెంటు ఆపి చూస్తాడు. ఏది ఆపితే మోత తగ్గిందో తప్పు అందులోనే. పాత డీజిల్ బండ్లలో నాజిల్ పైపు వదులు చేసి చూసేవారు. కామన్ రైల్ ఇంజిన్ల దగ్గర ఆ పని అస్సలు చేయకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది!

దించడమా, మార్చడమా?

కంప్రెషన్ టెస్టు చేయిస్తే సగం చిక్కు విడిపోతుంది. తక్కువ చూపించిన సిలిండర్లో కొంచెం ఆయిల్ వేసి మళ్లీ చూడాలి. రీడింగు పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులనో, హెడ్ గాస్కెట్‌నో చూడాలి. అప్పుడు హెడ్ పనితో సరిపోవచ్చు.

బోరు అరిగితే బోరింగ్ చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. క్రాంక్ గీతలు పడితే గ్రైండింగ్ చేసి అండర్‌సైజు బేరింగులు వేస్తారు. విజయవాడ ఆటోనగర్ లాంటిచోట ఈ పనులకి ఊరంతా తిరగక్కర్లేదు. మీ మోడల్‌కి సామాను దొరుకుతుందో లేదో మాత్రం ముందే కనుక్కోవాలి. బ్లాక్ పగిలినా, క్రాంక్ గ్రైండింగ్‌కి మిగలకపోయినా ఇంజిన్ మార్చడమే నయం.

పాత ఇంజిన్ కొంటే దాని గతం ఎవరికీ తెలియదు. కంప్రెషన్ చూడకుండా, బిల్లు లేకుండా తీసుకోవద్దు. ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉంటుంది కాబట్టి, మార్చేటప్పుడు ఆర్టీఏ అనుమతి తీసుకుని కొత్త నంబరు ఎక్కించుకోవాలి. లేదంటే బండి అమ్మేటప్పుడో, బీమా అడిగేటప్పుడో మెడకి చుట్టుకుంటుంది.

చివరగా కాగితం, పెన్ను తీసుకోండి. ఎస్టిమేటు రాయించుకుని, బండి షెడ్డులో ఉండే రోజుల సంపాదన కూడా దానికి కలపండి. బండికి బజార్లో వచ్చే ధర పక్కన రాయండి. రెండూ దగ్గరగా ఉంటే... బాగుచేయాల్సింది ఇంజిన్ని కాదు, బండి మీది మమకారాన్ని!