తెలుగు భయానక చిత్రం – చిల్లంగి అనుమానం

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ‘చిల్లంగి’ కేవలం కథావస్తువు కాదు. ఆ అనుమానంతో మనుషులను హతమార్చిన ఉదంతాలు ఈ నేలమీద ఉన్నాయి. అందుచేత భయానక చిత్రం భయపెట్టిందా అన్న ప్రశ్నతోపాటు, ఎవరిని చూసి భయపడమంటున్నదన్న ప్రశ్న కూడా ఇక్కడి ప్రేక్షకునికి ఎదురవుతుంది.

కార్తీక్ దండు ‘విరూపాక్ష’ (2023) ఆరంభంలో క్షుద్రపూజలు చేస్తున్నారన్న ఆరోపణపై దంపతులను ఊరిజనం సజీవదహనం చేస్తారు. అక్కడ భయానికి ఆలంబనం దయ్యం కాదు, గుంపు. చిత్రంలో అత్యంత బలమైన ఘట్టం ఇదే. అయితే తరువాతి మరణాలకు నిజంగానే క్షుద్రవిద్యను కారణంగా చూపడంతో, గుంపు అనుమానానికే కథ సాక్ష్యం పలికినట్లయింది. ఉత్కంఠకు లోటు లేకున్నా నిరాశ కలిగించే అంశమిది.

భరతుడు భయానకరసానికి చెప్పిన విభావాలలో వికృతధ్వని, శూన్యగృహం రెండూ ఉన్నాయి. ఇటీవలి చిత్రాలు అనేకం మొదటిదానినే నమ్ముకొని చెవులు అదరగొడుతున్నాయి. అది ఉలికిపాటే తప్ప రసం కాదు. సాయికిరణ్ ‘మసూద’ (2022) ఇందుకు భిన్నం. కూతురితో ఒంటరిగా బతికే ఉపాధ్యాయురాలు నీలం, పొరుగింటి పిరికి యువకుడు గోపి – వీరి నిత్యజీవితం ముందుగా మనకు పరిచితమవుతుంది. ఆ ఇల్లు అపరిచితం కావడమే భయహేతువు. కాని అక్కడ కూడా పూర్వకథ క్షుద్రవిద్య తెలిసిన స్త్రీదే.