పాత స్కూటరు పెట్రోలు ఎక్కువ త్రాగుతున్నదా? కారణం కనుగొను విధానం

ఒక సభ్యుని పాలలో వెన్న శాతం హఠాత్తుగా తగ్గినంత మాత్రాన అతడు నీళ్ళు కలిపినాడని మనము అనము. నమూనా సరిగా తీసినామా అని ముందు చూస్తాము. పరీక్ష మరల చేస్తాము. పిమ్మట గేదె ఈనిన నెలలు, మేత మార్పు అడుగుతాము. సంఘం పనికి తిరిగే పాత స్కూటరు విషయంలోను ఇదే వరుస పాటించవలెను. పెట్రోలు ఖర్చు పెరిగినప్పుడు బండిని పరీక్షించక ముందే మనిషిని శంకించుట న్యాయము కాదు.

మన గ్రామాలలో ఇంకను తిరుగుచున్న పాత బండ్లలో చేతక్ ముఖ్యమైనది. 1972లో వచ్చిన ఈ టూ స్ట్రోక్ బండి సుమారు 150 సి.సి. ఇంజను గలది. స్కూటర్ల తయారీ మానుకొనుచున్నట్లు బజాజ్ సంస్థ 2009 డిసెంబరులో ప్రకటించినది. 2020లో అదే పేరుతో వచ్చినది విద్యుత్ స్కూటరు. ఈ వ్యాసం దానికి వర్తించదు.

మొదట కొలత

"ఎక్కువ త్రాగుతున్నది" అంటే చాలదు, లెక్క కావలెను. బండిని స్టాండు మీద నిలిపి ట్యాంకు మెడ వరకు నింపించండి. మీటరు అంకె వ్రాసుకొనండి. రోజూ తిరిగే దారిలోనే కనీసం 100 కిలోమీటర్లు నడిపి, అదే బంకులో అదే మట్టానికి మరల నింపించండి. కిలోమీటర్లను లీటర్లతో భాగించండి. ఇట్లు రెండు సార్లు చేయవలెను.

మీటరును కూడ నమ్మరాదు. కేబులు అరిగి మీటరు తక్కువ చూపితే, తిన్నగా నడిచే బండి కూడ తిండిపోతుగా కనబడుతుంది. రోడ్డు ప్రక్క కిలోమీటరు రాళ్ళ వెంట 10 కిలోమీటర్లు నడిపి సరిచూడండి.

కారుతున్నదా, కాలుతున్నదా?

రాత్రి పెట్రోలు కాక్ మూసి, బండి క్రింద అట్టముక్క పరచండి. తెల్లవారి మరక ఉంటే ట్యాంకు, కాక్, గొట్టం చూడవలెను. మరునాటి రాత్రి కాక్ తెరిచి ఉంచి చూడండి. అప్పుడు మాత్రమే మరక పడినా, కార్బురేటరు పెట్టెలో వాసన వచ్చినా, ఉదయం ప్లగ్గు తడిగా ఉన్నా, ఫ్లోటు సూది సరిగా మూయుట లేదని గ్రహించండి.

నా తనిఖీలలో ఒక సంఘంలో నమూనాలు తెచ్చే కుర్రవానికి రెండు నెలల పెట్రోలు వోచర్లు నిలిపివేసినారు. లీటరుకు 26 కిలోమీటర్లే లెక్క తేలుట కారణం. పై విధంగా చూడగా అరిగిన ఫ్లోటు సూది బయటపడినది. అది మార్చిన పిదప 38 వచ్చినది. పాలకవర్గం తీర్మానం చేసి అతని బాకీ చెల్లించినది. అయినను ఆ రెండు నెలలు ఊరిలో అతడు పడిన మాట తీర్మానంతో పోలేదు.

ప్లగ్గు చెప్పే సంగతి

ఒకే వేగంతో నాలుగైదు కిలోమీటర్లు నడిపి, క్లచ్ పట్టి ఇంజను ఆపి, చల్లారిన తరువాత ప్లగ్గు తీయండి. ఇటుక రంగు ఉంటే మిశ్రమం సరిగా ఉన్నది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిలు ఎక్కువ, లేక నిప్పురవ్వ బలహీనం. తెల్లగా ఉంటే పెట్రోలు చాలుట లేదు. ఆ స్థితిలో నడిపితే పిస్టను పట్టివేయవచ్చు.

మసి కనబడితే ఈ వరుసన చూడండి:

1. చోకు పూర్తిగా వెనుకకు వస్తున్నదా.
2. ఎయిర్ ఫిల్టరు దుమ్ము, జిడ్డు పట్టి మూసుకొన్నదా. జాలీ ఫిల్టరును పెట్రోలుతో కడిగి ఆరబెట్టవలెను.
3. జెట్టును తీగతో పొడిచినారా. రంధ్రం పెద్దదైతే పెట్రోలు ఎక్కువ పోవును. గాలితో ఊదుటయే సరియైన పద్ధతి.
4. పాయింట్లు గల బండిలో వాటి సందు, టైమింగు సరిగా ఉన్నవా.
5. సైలెన్సరులో బొగ్గు పేరుకొన్నదా.

ఆయిలు పెట్రోలులో కలిపే బండికి 2 శాతం, అనగా లీటరుకు 20 మిల్లీలీటర్లు, కొలిచి పోయండి. ఎక్కువ పోస్తే ఇంజనుకు మేలని కొందరి నమ్మకం, పెరిగేది బొగ్గే.

ఇంజను బాగున్నా ఖర్చు పెరుగుటకు కారణాలు

స్టాండు మీద చక్రం చేతితో త్రిప్పండి. తేలికగా తిరగకపోతే బ్రేకు పట్టుచున్నది. ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను అరచి వేగం పెరగకపోతే క్లచ్ జారుచున్నది. టైర్లలో గాలి తగ్గినా ఖర్చు పెరుగును. ఇవన్నియు చూచిన పిమ్మటనే రింగులు, సిలిండరు విప్పించండి. ఖరీదైన మరమ్మతు చివర రావలెను.

నేటి పెట్రోలు సంగతి

ఇప్పుడు బంకులలో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటున్నది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటె సుమారు మూడవ వంతు తక్కువ. కనుక లీటరుకు 40 ఇచ్చే బండి 37, 38కి దిగుట వింత కాదు. 26కు దిగితే మాత్రం ఇథనాల్‌ను నిందించి ఊరుకొనరాదు. తప్పు బండిలో ఉన్నది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను మెత్తబరచును, తేమను పీల్చును. గొట్టాలు మార్పించండి. బండిని వారాల తరబడి నిండు ట్యాంకుతో నిలుపకండి.

సంఘాలకు సూచన

రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే బండి 40కి బదులు 26 ఇస్తే, నెలకు సుమారు 12 లీటర్లు వృథా. అది సభ్యుల పాల డబ్బు. ప్రతి సంఘము బండికి ఒక పుస్తకం పెట్టి తేదీ, మీటరు అంకె, పోసిన లీటర్లు, చేసిన మరమ్మతు వ్రాయించవలెను. లెక్క తప్పిన వారమే తెలిసిపోవును. దానివలన సంఘం సొమ్ము నిలుచును, బండి నడిపేవాని మాట కూడ నిలుచును.